నేరుగా 11వ లెవెల్లో చేరుతున్నాను: విజార్డ్‌ని ఎలా కట్టాలి?

కొత్తపాచిక:
అందరికీ నమస్కారం. చాలాకాలంగా నడుస్తున్న ఒక డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట) క్యాంపెయిన్‌లో, అంటే ఒకే కథగా సాగే ఆటల వరుసలో, విజార్డ్‌గా (పుస్తకంలోంచి మంత్రాలు నేర్చుకునే మాంత్రికుడిగా) త్వరలో చేరుతున్నాను. వాళ్లంతా ఇప్పుడు 11వ లెవెల్లో ఉన్నారు. నేను ఇప్పటిదాకా ఆడిందంతా 5వ లెవెల్ లోపే. అందుకే కొంచెం టెన్షన్‌గా ఉంది.

వివరాలు: ఐదో ఎడిషన్, 2014 రూల్స్. 27 పాయింట్లతో పాయింట్ బై, అంటే ఆ పాయింట్లు ఖర్చుపెట్టి బలం, తెలివి లాంటి ఆరు గుణాల అంకెలు కొనుక్కోవడం. ఫీట్లు (అదనపు నైపుణ్యాలు), మల్టీక్లాస్ (రెండు వృత్తులు కలపడం) రెండూ ఉన్నాయి. హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలరో చెప్పే అంకె) పుస్తకంలోని స్థిర లెక్క ప్రకారం. డబ్బు, మ్యాజిక్ వస్తువులు డంజన్ మాస్టర్స్ గైడ్ (ఆట నడిపే డంజన్ మాస్టర్, అంటే డీఎం, వాడే పుస్తకం) పట్టికలో స్టాండర్డ్ క్యాంపెయిన్‌కి చెప్పినట్టు. పార్టీలో బార్బేరియన్ (ముందుండి కొట్టే యోధుడు), రోగ్ (దొంగ), లైఫ్ డొమైన్ క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి) ఉన్నారు. ఆర్కేన్ మంత్రాలు వేసేవాళ్లు ఎవరూ లేరు. ఫైటర్ 5, విజార్డ్ 6 కలిపి చేస్తే కత్తీ ఉంటుంది, మంత్రమూ ఉంటుంది కదా అనుకుంటున్నాను. ఏమంటారు?

ఇరవైముఖాలు:
స్వాగతం. ముందు ఆ 5, 6 పంపకం సంగతి చూద్దాం. విజార్డ్ 6 అంటే మీ దగ్గరున్న అతి పెద్ద మంత్రం 3వ లెవెల్‌ది (మంత్రాల లెవెల్ లెక్క క్యారెక్టర్ లెవెల్‌కి వేరు). అదే టేబుల్ దగ్గర క్లెరిక్ 6వ లెవెల్ మంత్రాలు వేస్తుంటారు. కత్తి వైపు చూస్తే ఫైటర్ 5 వల్ల రెండు దెబ్బలు వస్తాయి, బార్బేరియన్‌కి ఆ రెండు దెబ్బలు ఎప్పుడో వచ్చేశాయి, పైగా రేజ్ (ఆవేశంతో వచ్చే అదనపు బలం) ఉంది. రెండు పనుల్లోనూ మీరు పక్కవాళ్ల కంటే అయిదారు లెవెళ్లు వెనకబడి ఉంటారు. 3వ లెవెల్లో ఈ తేడా తెలియదు, 11లో ప్రతి రౌండ్‌లోనూ తెలుస్తుంది.

కత్తి మీద నిజంగా మనసుంటే బ్లేడ్‌సింగర్ విజార్డ్ తీసుకోండి. టాషా అనే అనుబంధ పుస్తకంలోని రూపంలో 6వ లెవెల్‌కే రెండో దెబ్బ వస్తుంది, మంత్రాలు ఒక్క మెట్టు కూడా తగ్గవు. కానీ ముందు ఒక ప్రశ్న: పార్టీకి మీరు ఏం చేసిపెట్టాలని ఉంది?

కొత్తపాచిక:
నిజం చెప్పాలంటే దెబ్బలు కొట్టడం కంటే మిగతావాళ్లని కాపాడటం ఇష్టం. శత్రువు మంత్రం వేస్తుంటే ఆపేయడం, కష్టంలో ఉన్నవాణ్ని బయటికి లాగడం, అలాంటివి.

ఇరవైముఖాలు:
అయితే కత్తి మాట వదిలేయండి. అబ్జురేషన్ విజార్డ్, అంటే రక్షణ మంత్రాల్లో ఆరితేరిన విజార్డ్, మీ కోసమే ఉంది.

డీఎంకుర్చీ:
నేను ఎక్కువగా టేబుల్‌కి అటువైపు, డీఎంగా కూర్చునేదాన్ని కాబట్టి అటువైపు నుంచి చెబుతాను. పెద్ద లెవెల్ క్యారెక్టర్ చేసేటప్పుడు అందరూ తాము వేసే దెబ్బ లెక్క చూసుకుంటారు. తమ మీద పడేదాని లెక్క చూసుకోరు. 11వ లెవెల్లో చచ్చేది అక్కడే.

ఉదాహరణకి అడల్ట్ రెడ్ డ్రాగన్. అది ఊదే మంట 18డీ6 (ఆరుముఖాల పాచికలు 18), సగటున 63. డెక్స్టెరిటీ (చురుకుదనం) సేవ్, అంటే తప్పించుకోవడానికి వేసే ఇరవైముఖాల పాచిక, డీసీ (చేరాల్సిన అంకె) 21. విజార్డ్‌కి డెక్స్ సేవ్ +2 ఉంటే 19 పడాలి, అంటే దాదాపు ప్రతిసారీ మొత్తం దెబ్బ తగులుతుంది. ఇప్పుడు హిట్ పాయింట్లు చూడండి. కాన్స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) 12 ఉన్న 11వ లెవెల్ విజార్డ్‌కి 57. అంటే ఒక్క ఊపిరికే నేలమీద. కాన్ 16 ఉంటే 79. మంట తగిలాక కూడా నిలబడి ఉంటారు, తర్వాతి టర్న్ మీ చేతిలో ఉంటుంది. విజార్డ్‌కి ఇంటెలిజెన్స్ తర్వాత రెండోది కాన్ అని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

రెండోది సేవ్‌లు. చిన్న లెవెల్లో సేవ్ తప్పితే కొంచెం దెబ్బ తగులుతుంది. ఇక్కడ సేవ్ తప్పితే మీ టర్న్‌లే పోతాయి. మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసుడి మైండ్ బ్లాస్ట్‌కి ఇంటెలిజెన్స్ సేవ్ డీసీ 15. తప్పితే నిమిషం పాటు స్టన్ (ఏమీ చేయలేని స్థితి), ప్రతి టర్న్ చివర మళ్లీ సేవ్ వేసుకోవాలి. మీరు తట్టుకుంటారు. మీ బార్బేరియన్ ఇంటెలిజెన్స్ ఎంతో అడిగారా? అలాంటి రోజున పార్టీని నిలబెట్టాల్సింది మీరే.

కవచం18:
డీఎంకుర్చీ గారు చెప్పినదానికి తేలికైన దారి ఉంది. మొదటి లెవెల్ ఫైటర్, మిగతా 10 విజార్డ్. ఫైటర్‌తో మొదలుపెడితే కాన్స్టిట్యూషన్ సేవ్‌లో ప్రొఫిషియన్సీ (సాధన వల్ల పాచికకి కలిసే బోనస్) ఉచితంగా వస్తుంది, అన్ని కవచాలూ డాలూ వాడొచ్చు, మొదటి హిట్ డై (హిట్ పాయింట్లు లెక్కించే పాచిక) డీ10. హాఫ్ ప్లేట్ ఖరీదు 750 బంగారు నాణేలు. డెక్స్ 14 ఉంటే ఏసీ (మీకు దెబ్బ తగలాలంటే శత్రువు చేరాల్సిన అంకె) 17, డాలుతో 19. దానిమీద షీల్డ్ మంత్రం వేస్తే 24. ఏ విజార్డ్‌కి ఉంది ఆ ఏసీ? పోయేది ఒక్క లెవెల్.

మంత్రాలసంచి:
కవచం18 అన్నా, పోయేది ఒక్క లెవెలే, కానీ అది ఏ లెవెల్ అన్నది ముఖ్యం. 11వ లెవెల్ విజార్డ్‌కి స్లాట్లు (1 నుంచి 6 దాకా ఒక్కో మంత్రం లెవెల్‌లో రోజుకి ఎన్నిసార్లు వేయొచ్చో) 4, 3, 3, 3, 2, 1. పదో లెవెల్ విజార్డ్‌కి ఆ చివరి ఒకటి ఉండదు. అంటే సరిగ్గా 6వ లెవెల్ మంత్రం తలుపు దగ్గర ఆగిపోతారు. పైగా ఆ వెనకబాటు ఆట ముగిసేదాకా ఉంటుంది. మిగతావాళ్లకి 13లో 7వ లెవెల్ మంత్రం వస్తే వీళ్లకి 14లో వస్తుంది.

డాలు పట్టుకుంటే ఇంకో చేతిలో ఫోకస్ (మంత్రానికి వాడే కర్ర లాంటి సాధనం). అప్పుడు షీల్డ్, కౌంటర్‌స్పెల్ (శత్రువు మంత్రాన్ని ఆపేది) లాంటివాటికి చేయి ఖాళీగా ఉండదు, వార్ క్యాస్టర్ ఫీట్ కావాలి. అది కూడా లెక్కలో వేయాలి.

కవచం18:
వార్ క్యాస్టర్ తీసుకుంటాం, తప్పేముంది? కాన్సంట్రేషన్ సేవ్‌కి (దెబ్బ తగిలినా మంత్రం నిలబెట్టుకోవడానికి వేసేది) అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) కూడా ఇస్తుంది. 6వ లెవెల్ స్లాట్ రోజుకి ఒక్కసారి వాడేది. ఏసీ 19 రోజంతా ఉంటుంది.

మంత్రాలసంచి:
ఏసీ డ్రాగన్ మంటని ఆపదు, మైండ్ బ్లాస్ట్‌ని ఆపదు, వేరే లోకానికి పంపేసే బానిష్‌మెంట్ మంత్రాన్ని ఆపదు. ఈ లెవెల్లో భయపెట్టేవాటిలో సగం ఏసీని చూడవు కూడా. మీ కట్టుబడి బాగాలేదని నేను అనను. క్యాంపెయిన్ ఎక్కడిదాకా వెళుతుందో తెలియకుండా నిర్ణయించొద్దంటున్నాను.

కొత్తపాచిక:
డీఎంని అడిగాను. 14 లేదా 15 దాకా వెళ్లి ముగుస్తుందట.

ఇరవైముఖాలు:
అయితే నా ఓటు పూర్తి విజార్డ్‌కే. 7వ లెవెల్ మంత్రాలతో ఆడే సెషన్లే కొన్ని ఉంటాయి, వాటిలో ఒక లెవెల్ అంతా వదులుకోవడం నాకైతే నచ్చదు. కవచం18 చెప్పింది 20 దాకా సాగే ఆటలో ఇంకా బాగా నప్పుతుంది.

పాతషీటు:
మధ్యలో ఒక మాట. నెట్‌లో వెతికితే "11వ లెవెల్‌కి 66,000 బంగారు నాణేల వస్తువులు కొనుక్కోండి" అనే సలహాలు కనిపిస్తాయి. అది 3.5 ఎడిషన్ పట్టిక. ఆ ఎడిషన్‌లో మ్యాజిక్ వస్తువులు కొనడం క్యారెక్టర్ తయారీలో సగం పని, రాక్షసుల బలం కూడా ఆ లెక్కన వేసి ఉండేది. ఐదో ఎడిషన్ అలా కాదు. 2014 గైడ్‌లో 11 నుంచి 16 లెవెళ్ల మధ్య మొదలుపెట్టేవాళ్లకి 5,000 నాణేలు, దానికి తోడు 1డీ10 వేసి వచ్చినదాన్ని 250తో గుణించి అంత. మామూలు మొదటి సామాను ఎటూ ఉంటుంది. స్టాండర్డ్ క్యాంపెయిన్ అయితే రెండు అన్‌కామన్ (ఓ మోస్తరు అరుదైన) మ్యాజిక్ వస్తువులు. అంతే.

ఇలాంటిదే వేరే ఆట అయిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ సలహాలు కూడా ఇక్కడికి తేవద్దు. అందులో మీ లెవెల్ అంకె నేరుగా ప్రొఫిషియన్సీలో కలుస్తుంది, కాబట్టి లెక్కలన్నీ వేరు. ఇక్కడ 11లో ప్రొఫిషియన్సీ బోనస్ +4 మాత్రమే. అందుకే చిన్న +1 కూడా విలువైనదే.

మంత్రాలసంచి:
చాలా ముఖ్యమైన మాట అది.

కొత్తపాచిక గారూ, ఇప్పుడు తయారీ పద్ధతి. షీట్ మీద నేరుగా 11 అని రాసి మొదలుపెట్టకండి. 1 నుంచి ఒక్కో లెవెల్ ఎక్కుతూ రండి. సార్సరర్ (పుట్టుకతో మంత్రశక్తి ఉన్నవాడు) అయితే ప్రతి లెవెల్‌కీ ఒక మంత్రం మార్చుకోవచ్చు, కాబట్టి చివరి జాబితా ఒక్కటి చూసుకుంటే చాలు. విజార్డ్ పుస్తకం అలా కాదు. మొదటి లెవెల్లో 6 మంత్రాలు, తర్వాత లెవెల్‌కి రెండు చొప్పున, 11కి వచ్చేసరికి 26. ఆ రెండూ ఆ రోజుకి వేయగలిగిన స్లాట్ లెవెల్‌వే అయ్యుండాలి. కాబట్టి 26లో చాలా భాగం చిన్న మంత్రాలే ఉంటాయి, ఉండాలి కూడా. 26 మంత్రాలూ 4వ లెవెల్ పైవి రాసుకొచ్చిన షీట్ ఏ డీఎం ఒప్పుకోరు.

చిన్న మంత్రాల్లో పెద్ద లెవెల్లో కూడా పనికొచ్చేవి ఎంచుకోండి. షీల్డ్, అబ్సార్బ్ ఎలిమెంట్స్, మిస్టీ స్టెప్, కౌంటర్‌స్పెల్, ఫ్లై, డిస్పెల్ మ్యాజిక్. ఇవి 11లోనూ రోజూ వాడతారు. బర్నింగ్ హ్యాండ్స్ లాంటివి పక్కన పెట్టేయొచ్చు. రిచువల్ ట్యాగ్ ఉన్నవి (స్లాట్ లేకుండా తీరిగ్గా వేయగలిగేవి) పుస్తకంలో ఉంటే చాలు, ప్రిపేర్ చేయక్కర్లేదు, అంటే ఆ రోజుకని ఎంచుకుని పెట్టుకోనక్కర్లేదు. ఫైండ్ ఫెమిలియర్, డిటెక్ట్ మ్యాజిక్, అలారం, లియోమండ్స్ టైనీ హట్ అలా రాసుకోండి.

కొత్తపాచిక:
అందరికీ ధన్యవాదాలు. ఇదిగో మొదటి ముసాయిదా.

వేరియంట్ హ్యూమన్ (మొదట్లోనే ఒక ఫీట్ వచ్చే మనిషి), అబ్జురేషన్ విజార్డ్ 11. పాయింట్ బైలో ఇంటెలిజెన్స్ 15, కాన్ 14, డెక్స్ 14, విజ్డమ్ 12, మిగతా రెండూ 8. సరిగ్గా 27 పాయింట్లు. హ్యూమన్ బోనస్‌తో ఇంట్ 16, కాన్ 15. ఫీట్ రెసిలియంట్, కాన్స్టిట్యూషన్ మీద, దాంతో కాన్ 16, సేవ్ ప్రొఫిషియన్సీ. 4, 8 లెవెళ్లలో ఇంట్ పెంచి 20 చేశాను. హిట్ పాయింట్లు 79. మేజ్ ఆర్మర్ మంత్రంతో ఏసీ 15. స్పెల్ సేవ్ డీసీ 17. రోజుకి 16 మంత్రాలు ప్రిపేర్ చేయొచ్చు.

ప్రిపేర్ చేసేవాటిలో షీల్డ్, అబ్సార్బ్ ఎలిమెంట్స్, కౌంటర్‌స్పెల్ ఉన్నాయి. దానికి తోడు 6వ లెవెల్ ఫీచర్ ప్రొజెక్టెడ్ వార్డ్ ఉంది కాబట్టి బార్బేరియన్ మీద పడే దెబ్బని నా వార్డ్ (మంత్రపు రక్షణ పొర) మీదికి తీసుకుంటాను.

డీఎంకుర్చీ:
అంకెలన్నీ చూశాను, లెక్క సరిపోయింది. కాన్ సేవ్ +7 వస్తుంది. 20 లోపు దెబ్బ తగిలితే కాన్సంట్రేషన్ డీసీ 10, అంటే 3 పడితే చాలు. 30 తగిలితే డీసీ 15, 8 పడాలి. బాగుంది.

కానీ మీరు రాసిన చివరి పేరా మళ్లీ చదవండి. షీల్డ్, అబ్సార్బ్ ఎలిమెంట్స్, కౌంటర్‌స్పెల్, ప్రొజెక్టెడ్ వార్డ్. ఈ నాలుగూ రియాక్షన్లే, అంటే ఇంకొకరు చేసినదానికి అప్పటికప్పుడు స్పందించి వాడేవి. రౌండ్‌కి మీకు ఉన్నది ఒక్క రియాక్షన్.

పెద్ద లెవెల్ షీట్‌లో కనిపించని చిక్కు ఇదే. కాగితం మీద నాలుగు రక్షణలు ఉన్నట్టు ఉంటుంది, టేబుల్ దగ్గర రౌండ్‌కి ఒకటే ఉంటుంది. ఏది ఎప్పుడు అన్నది ముందే నిర్ణయించుకోకపోతే మొదటి గోబ్లిన్ బాణానికి షీల్డ్ వేసేస్తారు, ఆ తర్వాత శత్రు మాంత్రికుడు పెద్ద మంత్రం ఎత్తుకున్నప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంటారు. నేను అటువైపు ఉంటే ముందు చిన్నవాళ్లతో మీ రియాక్షన్ ఖర్చు పెట్టించి ఆ తర్వాతే అసలు మంత్రం వేస్తాను. తెలివైన శత్రువు అలాగే చేస్తాడు మరి.

కవచం18:
ఇదిగో, ఇందుకే నాకు ఏసీ ఇష్టం. కవచానికి రియాక్షన్ అక్కర్లేదు.

డీఎంకుర్చీ:
ఒప్పుకుంటాను, అది బలమైన వాదన. పూర్తి విజార్డ్‌గా ఉంటే ఆ లోటు నిలబడే చోటుతో పూడ్చాలి. వెనక, గోడ చాటున, ముఖ్యంగా శత్రు మాంత్రికుడికి 60 అడుగుల లోపల, ఎందుకంటే కౌంటర్‌స్పెల్ దూరం అంతే.

ఇరవైముఖాలు:
నా పద్ధతి: శత్రువుల్లో మంత్రం వేసేవాడు ఉంటే రియాక్షన్ కౌంటర్‌స్పెల్‌కే. లేకపోతే ప్రొజెక్టెడ్ వార్డ్‌కి. ఫైట్ మొదట్లోనే ఇది తేల్చుకుంటాను, మధ్యలో ఆలోచించను.

వార్డ్ గురించి ఇంకొకటి. దాని బలం విజార్డ్ లెవెల్‌కి రెట్టింపు, దానికి ఇంట్ మాడిఫయర్ కలిపి, మీకు 27. లాంగ్ రెస్ట్ (పూర్తి విశ్రాంతి) తర్వాత మొదటి అబ్జురేషన్ మంత్రంతో పుడుతుంది. మేజ్ ఆర్మర్ అబ్జురేషనే కాబట్టి పొద్దున్నే అది వేస్తే రెండు పనులూ అవుతాయి. తర్వాత వేసే ప్రతి అబ్జురేషన్ మంత్రమూ దాని లెవెల్‌కి రెట్టింపు చొప్పున వార్డ్‌ని నింపుతుంది. 3వ లెవెల్ కౌంటర్‌స్పెల్ వేస్తే 6 తిరిగి వస్తుంది. తీరిక ఉన్నప్పుడు అలారంని రిచువల్‌గా వేస్తే 2 చొప్పున, స్లాట్ ఖర్చు లేకుండా. ఇది కొందరు డీఎంలకి నచ్చదు, ముందే అడగండి.

కొత్తపాచిక:
రియాక్షన్ సంగతి నాకు అస్సలు తట్టలేదు, చాలా థాంక్స్. వస్తువులు ఏవి తీసుకోమంటారు? డైలో 6 పడింది, అంటే మొత్తం 6,500 నాణేలు. బ్రూమ్ ఆఫ్ ఫ్లయింగ్, పెర్ల్ ఆఫ్ పవర్ అనుకుంటున్నాను.

పాతషీటు:
రెండూ మంచివే. కానీ పైన అన్నాను కదా, ఈ ఎడిషన్‌లో +1 చాలా విలువైనది. క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్ ఏసీకి, అన్ని సేవ్‌లకీ +1 ఇస్తుంది. స్టోన్ ఆఫ్ గుడ్ లక్ అన్ని సేవ్‌లకీ, ఎబిలిటీ చెక్‌లకీ +1. రెండూ అన్‌కామన్. రెండూ అట్యూన్ చేయాలి (మీకు ముడివేసుకోవాలి), అలా ముడివేసుకోగలిగిన మూడింటిలో రెండు చోట్లు పోతాయి, మూడోది ముందు దొరికేదాని కోసం ఉంటుంది.

ఇప్పుడు కౌంటర్‌స్పెల్ చూడండి. 3వ లెవెల్ స్లాట్‌తో 6వ లెవెల్ మంత్రాన్ని ఆపాలంటే డీసీ 16 చెక్. అబ్జురేషన్ 10వ లెవెల్ ఫీచర్ ఆ చెక్‌కి మీ ప్రొఫిషియన్సీ బోనస్ కలుపుతుంది. ఇంట్ 5, ప్రొఫిషియన్సీ 4, రాయి 1, మొత్తం +10. డై మీద 6 పడితే చాలు. మిగతా విజార్డ్‌లకి 11 పడాలి. ఈ క్యారెక్టర్ బలమంతా అక్కడుంది.

మంత్రాలసంచి:
అవును, నేనూ అదే చెప్పబోయాను. ఇక డబ్బు. పార్టీలో క్లెరిక్ ఉన్నారు కాబట్టి వజ్రాలు కొనండి. చచ్చినవాళ్లని లేపే మంత్రాలకి అవి కావాలి: రివివిఫైకి 300 నాణేల వజ్రం, రైజ్ డెడ్‌కి 500ది. వాటిని క్లెరిక్ చేతికే ఇవ్వండి, మీ సంచిలో పెట్టుకుంటే మీరే పడిపోయిన రోజున ఎవరికీ అందవు. కొత్తగా వచ్చినవాడు మొదటి సెషన్‌లో వజ్రం తీసి క్లెరిక్ చేతిలో పెడితే అది ఆటలోనూ మంచి సన్నివేశం.

మిగతాది పుస్తకానికి. ఇతరుల పుస్తకాల నుంచీ స్క్రోల్‌ల నుంచీ రాసుకుంటే మంత్రం లెవెల్‌కి 50 నాణేల చొప్పున ఖర్చు. 3వ లెవెల్ మంత్రానికి 150. ఏవి దొరుకుతాయో డీఎం చెప్పాలి, మీరే రాసేసుకోకూడదు.

చీకటిగుహ:
ఇంతసేపూ అంకెలు చదువుతూ ఊరుకున్నాను. ఈ మనిషి ఎవరు?

11వ లెవెల్ విజార్డ్ అంటే లోకంలో అరుదైన మనిషి. చచ్చినవాణ్ని లేపే స్థాయి క్లెరిక్ పక్కన నిలబడగలిగినవాడు. అలాంటివాడు ఇన్నాళ్లూ ఎక్కడున్నాడు, ఎవరూ అతని పేరు ఎందుకు వినలేదు? దీనికి జవాబు లేకపోతే మొదటి సెషన్‌లో మిగతావాళ్లకి మీరు ఎక్కడినుంచో ఊడిపడ్డ మనిషిలా అనిపిస్తారు. వాళ్లు పది లెవెళ్లూ కలిసి ఎక్కారు, ఒకరినొకరు కాపాడుకున్నారు. ఆ చరిత్ర మీకు లేదు.

పెద్ద కథ రాయమనడం లేదు. పది పేజీలు రాస్తే డీఎం చదవరు, మిగతావాళ్లు అసలే చదవరు. మూడు విషయాలు చాలు: ఏ లెవెల్ దగ్గర ఏం జరిగింది, ఎవరికి బాకీ ఉన్నారు, ఈ పార్టీ వెంట పడుతున్న శత్రువుతో మీకు ముందే ఏం పేచీ ఉంది. చివరిది డీఎంతో కూర్చుని తేల్చుకోండి. అది కుదిరితే పార్టీలో చేరడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

మంత్రాల పుస్తకమే మీ ఆత్మకథ అనుకోండి. 5వ లెవెల్లో కౌంటర్‌స్పెల్ ఎందుకు నేర్చుకున్నారు? ఏ మంత్రం ఆపలేక ఎవరిని పోగొట్టుకున్నారు?

కొత్తపాచిక:
ఈ చివరి ప్రశ్న నన్ను పట్టేసింది. గురువుగారిని ఆయన పాత శిష్యుడే చంపాడు, నేను పక్కనే ఉండి ఏమీ చేయలేకపోయాను అని రాస్తున్నాను. ఆ శిష్యుడు పార్టీ వెతుకుతున్న శత్రువు దగ్గర పనిచేస్తున్నాడని డీఎం ఒప్పుకున్నారు. రోగ్ ఆడే అమ్మాయి కూడా సంతోషంగా చేయి కలిపింది, వాళ్ల గిల్డ్‌కి నేను ఒకప్పుడు దొంగ స్క్రోల్ గుర్తుపట్టి పెట్టానట, అందుకని నన్ను పిలిపించింది తనే.

చీకటిగుహ:
ఇప్పుడు మనిషి వచ్చాడు.

డీఎంకుర్చీ:
ఇంకొక్క పని. మొదటి సెషన్‌కి ముందు ఒంటరిగా రెండు ఉత్తుత్తి ఫైట్లు ఆడి చూడండి. 16 మంత్రాలు చదువుతూ కూర్చుంటే మీ టర్న్ పది నిమిషాలు పడుతుంది, టేబుల్ అంతా నీరసపడుతుంది. చిన్న కార్డు మీద మొదటి టర్న్‌లో వేసేవి రెండు, ఆపదలో వేసేవి రెండు రాసుకోండి. మిగతావి కిందికి.

కొత్తపాచిక:
తప్పకుండా. చివరి ప్రశ్న. 6వ లెవెల్ మంత్రం కంటింజెన్సీ (ముందే చెప్పిన పరిస్థితి రాగానే ఇంకో మంత్రం దానంతటదే పడేలా చేసేది) తీసుకుంటున్నాను. 1,500 నాణేల విగ్రహం కొన్నాను. స్టన్ అయితే ఒటిలూక్స్ రెసిలియంట్ స్ఫియర్ అనే రక్షణ గోళం నా చుట్టూ వచ్చేలా పెడదామని. సరేనా?

మంత్రాలసంచి:
వద్దు. ఆ గోళానికి కాన్సంట్రేషన్ కావాలి. స్టన్ అయితే మీరు ఇన్‌కెపాసిటేటెడ్ (ఏ పనీ చేయలేరు), కాన్సంట్రేషన్ నిలవదు, గోళం వచ్చీరాగానే పోతుంది. కాన్సంట్రేషన్ అక్కర్లేనిది పెట్టండి. క్షణంలో వేరే చోటికి చేర్చే డైమెన్షన్ డోర్ బాగుంటుంది. స్టన్ లేదా పారలైజ్ అవగానే క్లెరిక్ వెనక్కి అరవై అడుగులు అని చోటు కూడా ముందే డీఎంతో మాట్లాడుకుని రాసిపెట్టుకోండి. మంత్రం పది రోజులు ఉంటుంది, విగ్రహం ఒంటి మీద ఉన్నంతవరకే. సెషన్‌కి ముందు రోజే వేసినట్టు డీఎం ఒప్పుకుంటే మీ 6వ లెవెల్ స్లాట్ కూడా తిరిగి వచ్చేసి ఉంటుంది.

కొత్తపాచిక:
ఇప్పుడే అడిగాను, ఒప్పుకున్నారు. డైమెన్షన్ డోర్ అని రాసేశాను. శనివారం మొదటి సెషన్.